సూచనలను లెక్కించడమా, చదవడమా? : వికీపీడియా రూపమార్పు – తెలుగు పాఠకుడు

ఒక గ్రంథానికి అనేక తాళపత్ర ప్రతులు దొరికినప్పుడు పరిష్కర్త ఏం చేస్తాడన్నది తెలుగు శాఖల్లో కొత్తగా చెప్పవలసిన విషయం కాదు. తొమ్మిది ప్రతుల్లో ఒక పాఠం, పదో ప్రతిలో మరొక పాఠం కనిపిస్తే తొమ్మిదింటిదే గెలుపని ఏ పరిష్కర్తా తీర్పు చెప్పడు. ఆ తొమ్మిదీ ఒకే మాతృకను చూసి ఎత్తిరాసినవైతే వాటన్నిటి విలువా ఒక్క ప్రతి విలువే. యతి ఎక్కడ నిలుస్తున్నది, అర్థం ఎక్కడ పొసగుతున్నది, లేఖకుడు ఎక్కడ తడబడి ఉంటాడు అన్నవి విచారించి, గ్రహించిన పాఠాన్ని పైన, విడిచిన పాఠాలను అడుగున చూపడం పద్ధతి. పండితుల సాయంతో ప్రతులను సరిపోల్చి సి.పి. బ్రౌన్ 1829లో వేమన పద్యాలను అచ్చు వేయించిన నాటికే ఈ పద్ధతి విలువ తెలుగు నేల మీద రుజువైంది.

అంతర్జాలంలో నలుగురూ కలిసి నడుపుకొనే ఒక వేదికకు కొత్త రూపం ఇవ్వబోయేముందు వాడుకరుల నుంచి సూచనలు సేకరించడం ఇప్పుడు సర్వసాధారణం. ఆ సేకరణలో పైన చెప్పిన క్రమశిక్షణ దాదాపుగా కనిపించదు. వచ్చిన సూచనలను ఓట్లుగా లెక్కిస్తున్నారు. లేదా అంకెల పట్టికలోకి కుదిస్తున్నారు. వాటిని పాఠాలుగా చదవడం లేదు. దీనివల్ల ఇంగ్లీషుకు కలిగే నష్టం కొద్దిపాటిది. తెలుగు వంటి భాషలకు కలిగే నష్టం పెద్దది, పైగా పైకి కనిపించనిది. ఈ వాదానికి ఇక్కడ ఉదాహరణగా తీసుకొన్నది వికీపీడియా. దాని చర్చలు, తీర్మానాలు, తిరస్కరణలు అన్నీ బహిరంగంగా ఉంటాయి గనుక విచారణకు అనువైనది. ఎవరినీ అడగకుండా రాత్రికి రాత్రి రూపం మార్చివేసే వ్యాపార సంస్థలతో పోలిస్తే అది ఎంతో మెరుగైన వ్యవస్థ కూడా. మెరుగైన చోటనే లోపం ఇంత ఉంటే తక్కిన చోట్ల సంగతి వేరే చెప్పనక్కరలేదు.

అడగడం ఆచారమైన క్రమం

2001లో మొదలైన వికీపీడియాకు 2010లో ‘వెక్టర్’ అనే రూపం వచ్చింది. 2013 జులైలో ‘విజువల్ ఎడిటర్’ అనే కొత్త రచనా ఉపకరణాన్ని ఇంగ్లీషు వికీపీడియాలో అందరి ముందూ పెట్టారు. లోపాలు చాలా ఉన్నాయని అక్కడ రాసేవారు మొత్తుకొన్నారు. సెప్టెంబరు నాటికి స్థానిక నిర్వాహకులే దానిని కోరుకొన్నవారికి మాత్రమే కనిపించేలా మార్చివేశారు. 2014లో బొమ్మలను చూపే మరో కొత్త పద్ధతి మీద జర్మన్ వికీపీడియాలో తగవు ముదిరింది. స్థానిక నిర్వాహకులు సైతం తెరవలేని తాళం ఒకదాన్ని వికీమీడియా ఫౌండేషన్ ప్రయోగించింది. ‘సూపర్‌ప్రొటెక్ట్’ అన్న పేరుతో అపకీర్తి పొందిన ఆ తాళాన్ని 2015 నవంబరులో తీసివేయవలసి వచ్చింది. వాడుకరుల కోరికలను సేకరించి ఓటుకు పెట్టే ‘కమ్యూనిటీ విష్‌లిస్ట్ సర్వే’ మొదలైనదీ 2015లోనే.

ఈ వరుసను చూస్తే, సూచనలు అడిగే ఆచారానికి తెలుసుకోవాలన్న జిజ్ఞాస కంటే తగవు తప్పించుకోవాలన్న జాగ్రత్తే ఎక్కువ ప్రేరణ ఇచ్చిందని భావించడం అన్యాయం కాదు. పుట్టుక ఎటువంటిదైనా ఆచారం నిలిచింది. 2019లో తలపెట్టిన రూపమార్పు ప్రణాళికను 2020 నుంచి ఫ్రెంచి మొదలైన కొన్ని వికీపీడియాల్లో ముందుగా పెట్టి చూశారు. 2022 చివరి నెలల్లో ఇంగ్లీషు వికీపీడియాలో సుదీర్ఘమైన చర్చ జరిగింది. విషయసూచికను ఎడమ పక్కకు తేవడం, ఇతర భాషల జాబితాను ఒక మీట వెనుకకు మార్చడం, అన్నిటికంటే ముఖ్యంగా పంక్తి వెడల్పును కుదించడం చర్చకు వచ్చాయి. 2023 జనవరి 18న ‘వెక్టర్ 2022’ అక్కడ అమలైంది. వెంటనే, పాత రూపానికే తిరిగిపోవాలా అన్న ప్రశ్న మీద మరొక చర్చ జరిగింది. పాత రూపాన్ని కోరినవారి సంఖ్యే ఎక్కువ. అయినా ఏకాభిప్రాయం కుదరలేదన్న నిర్ణయంతో కొత్త రూపమే నిలిచింది.

సంఖ్యాధిక్యం ఉన్నా మాట నెగ్గలేదని అప్పట్లో చాలామంది ఆగ్రహించారు. ఆ ఆగ్రహంతో ఏకీభవించడం కష్టం. చర్చ ఓటింగు కాదు, వాదాల బలాన్ని తూచాలి అన్నది వికీపీడియా తనకు తాను పెట్టుకొన్న నియమం. ఆ నియమం పరిష్కర్త పాటించే సూత్రానికి దగ్గరి చుట్టమే. ఆక్షేపించవలసినది మరొకటి ఉంది. తూకానికి వచ్చిన వాదాలు ఎవరివి? ప్రధానంగా ఇంగ్లీషులో రాయగలిగినవారివి, ఖాతా తెరిచి ఏళ్ళుగా పనిచేస్తున్నవారివి, ఆ చర్చ ఏ పుటలో జరుగుతున్నదో తెలిసినవారివి. త్రాసు సరైనదే కావచ్చు. సరుకంతా ఒకే అంగడి నుంచి వచ్చింది.

రచ్చబండ మీద ఎవరు?

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. అందులో సాముదాయిక చర్చలు జరిగే పుటకు ‘రచ్చబండ’ అని పేరు పెట్టుకొన్నారు. చక్కని పేరు. పేరుతోబాటు దాని చరిత్ర కూడా వెంట వస్తుంది. ఊరి రచ్చబండ అందరిదీ అనిపించుకొన్నదే గాని, ఆడవాళ్ళూ, అంటరానివారని వెలిపెట్టిన కులాలవారూ దాని మీద కూర్చుని తీర్పు చెప్పిన సందర్భాలను వెతుక్కోవలసిందే. అంతర్జాలపు రచ్చబండకు అటువంటి నిషేధం లేదు. ఎవరైనా రాయవచ్చు. కాని వ్యాఖ్య చివర నాలుగు టిల్డె గుర్తులు పెడితే సంతకం పడుతుందన్న చిన్న మర్మం తెలియని పాఠకుడు అక్కడికి వెళ్ళడు. మార్చడమంటే పాడుచేయడమేమో అని జంకే పాఠకురాలూ వెళ్ళదు. 2011 జనాభా లెక్కల్లో తెలుగు మాతృభాషగా చెప్పుకొన్నవారు 8.11 కోట్లమంది. వారిలో వికీపీడియా చదివేవారెందరో, దాని రచ్చబండ అనే పుట ఒకటుందని ఎరిగినవారెందరో ఆలోచిస్తే, ఈ రెండు వర్గాల నడుమ ఉన్న అగాధం అంచనాకు అందుతుంది.

ఇంతకంటే తీవ్రమైన అసమానత మరొకటి ఉన్నది. ఖాతా ఉన్నవారు లోపలికి ప్రవేశించి, ‘అభిరుచులు’ పుటకు వెళ్ళి, పాత రూపాన్నే తిరిగి తెచ్చుకోవచ్చు. ఆ సౌకర్యం నేటికీ ఉంది. ఖాతా లేకుండా వచ్చి చదివి వెళ్ళిపోయేవారికి అది లేదు. చర్చలో గట్టిగా పోరాడినవారందరికీ తప్పించుకొనే దారి ఉన్నది. తప్పించుకొనే దారి లేనివారికి చర్చలో చోటే లేదు. కుదించిన పంక్తిని వెడల్పు చేసుకొనే మీటను ఖాతా లేనివారు నొక్కినా, మొదట్లో ఆ ఎంపిక పుట మారగానే పోయేది; దానిని నిలిపి ఉంచే ఏర్పాటు ఆ తరువాత జరిగింది. రాత్రిపూట చదువుకోవడానికి నల్లని నేపథ్యం కావాలన్న కోరిక 2019 కోరికల సర్వేలోనే ముందువరుసలో నిలిచింది; సాధారణ పాఠకుడి చేతికి అది 2024లో వచ్చింది.

ఈ వివాదంలో ఇరుపక్షాలూ ‘సామాన్య పాఠకుడి’ పేరే చెప్పాయి. రూపకర్తలు అతడి మీట నొక్కుళ్ళ లెక్కలను చూపారు. సంపాదకులు అతడి అసౌకర్యాన్ని వర్ణించారు. అతడు స్వయంగా ఏమన్నాడో ఇద్దరి దగ్గరా తక్కువే. సహృదయుడి పేరు చెప్పి విమర్శకుడు తన సొంత రుచిని చాటుకోవడం సాహిత్యరంగంలోనూ ఉన్నదే గనుక, ఈ అలవాటును గుర్తుపట్టడం సాహిత్య విద్యార్థులకు కష్టం కాదు.

‘ఫర్వాలేదు’ ఏ అంకె?

సామాన్య పాఠకుడిని అడిగే ప్రయత్నాలు అసలు జరగడం లేదనడం సరికాదు. జరిగేవి ఎక్కువగా ప్రశ్నావళుల రూపంలో ఉంటాయి. ఒక వాక్యం ఇచ్చి, ‘గట్టిగా ఏకీభవిస్తున్నాను’ మొదలు ‘అసలు ఏకీభవించను’ వరకు అయిదు మెట్లలో ఒకదాన్ని ఎంచుకొమ్మంటారు. నడిమి మెట్టుకు ‘తటస్థం’ అని పేరు. తెలుగు మాట్లాడేవారెవరూ తమ అభిప్రాయాన్ని చెప్పేటప్పుడు ఈ మాట వాడరు. గట్టిగా వాదిస్తారు, గట్టిగా అరుస్తారు. గట్టిగా ఏకీభవించడం ప్రశ్నావళుల్లో తప్ప ఎక్కడా వినిపించదు.

తెలుగువారు నిజంగా వాడే మాట ‘ఫర్వాలేదు’. ఇది ఏ మెట్టుకు చెందుతుంది? వంట ఎలా ఉందని అడిగిన ఇల్లాలితో వచ్చిన బంధువు ‘ఫర్వాలేదు’ అంటే అది నిందకు సమీపంలో ఉంటుంది. పరీక్ష ఎలా రాశావని అడిగితే చదువుకొన్న పిల్ల ‘ఫర్వాలేదు’ అంటే, బాగానే రాశాననడానికి అది వినయపూర్వకమైన మారుపేరు. బస్సులో కాలు తొక్కి క్షమించమన్నవారికి ‘ఫర్వాలేదండీ’ అని జవాబిస్తే, నొప్పి తగిలిందనీ దానిని మన్నించాననీ రెండర్థాలూ అందులో ఉన్నాయి. ఒక వేదిక కొత్త రూపం ఎలా ఉందని అడిగినప్పుడు వచ్చే ‘ఫర్వాలేదు’ ఎక్కువగా ఈ మూడో కోవకు చెందుతుంది. కాలు తొక్కారు, తీసేశారు, ఇక దాని గురించి మాట్లాడనక్కరలేదు అని దాని భావం. ప్రశ్నావళిలో అది 3 అవుతుంది. ముప్ఫైమంది నొప్పిని సహించారంటే, ముప్ఫైమంది తటస్థంగా ఉన్నారని నివేదిక తేల్చుతుంది.

‘బాగుంది’ అన్నదానికీ ‘బాగానే ఉంది’ అన్నదానికీ ఉన్న తేడా ఇంకా సూక్ష్మమైనది. అవధారణార్థకమైన ఏకారం వ్యాకరణరీత్యా అర్థాన్ని బిగించాలి. ఇక్కడ అది సడలిస్తుంది. ‘బాగానే ఉంది’ అన్నవాడి నోట తరువాత రావలసిన ‘గానీ’ ఇంకా బయటికి రాలేదంతే. ఎదుటివారు ఒక్క క్షణం ఆగితే వస్తుంది. అచ్చు ప్రశ్నావళి ఆగదు. మొగమాటం తెలుగు సంభాషణలో ఎంత పని చేస్తుందో తెలిసినవారెవరూ ఇటువంటి ప్రశ్నకు వచ్చిన జవాబును దాని ముఖవిలువకు తీసుకోరు. ‘కొత్త రూపం మీకు నచ్చిందా?’ అని అడగడం, పెళ్ళిపందిట్లో పెళ్ళికూతురి తండ్రే ఎదురుగా నిలబడి భోజనాలు ఎలా ఉన్నాయని అడగడం వంటిది. ‘ఇక్కడికి ఏం వెతుక్కొంటూ వచ్చారు? దొరికిందా? దొరకడానికి ఏం చేశారు?’ అని అడిగితే మొగమాటానికి చోటు తగ్గి, చదవదగిన పాఠం ఒకటి చేతికి వస్తుంది.

వచ్చిన పాఠం కూడా రూపకర్త చేతికి యథాతథంగా చేరదు. సాంకేతిక ఫిర్యాదులను నమోదు చేసే ‘ఫాబ్రికేటర్’ పని సాగేది ఇంగ్లీషులో. తెలుగులో వచ్చిన మాటను ఇంగ్లీషు తెలిసిన ఒక స్వచ్ఛంద సేవకుడు సంగ్రహించి అక్కడ పెట్టాలి. అక్కడ మరొకరు దానిని ఒక వర్గంలోకి చేర్చాలి. ప్రతి మజిలీలోనూ లేఖకదోషానికి అవకాశం ఉన్నది. ‘వెతికితే దొరకడం లేదు’ అన్న ఒక చిన్న ఫిర్యాదునే ఊహించుకోవచ్చు. సంగ్రహంలో అది ‘సెర్చ్ పనిచేయడం లేదు’ అవుతుంది. పరీక్షించినవారికి పనిచేస్తుంది. ఫిర్యాదు ముగిసిపోతుంది. కాని ఫిర్యాదు చేసినవారు వెతికినది ‘సాఫ్ట్‌వేర్’ వంటి మాట కావచ్చు. ఆ మాటలో టకారపు పొల్లు తరువాత కంటికి కనబడని సంకేతం ఒకటి ఉంటేనే వకారం విడిగా నిలుస్తుంది. లేకపోతే అది వత్తుగా మారి ‘సాఫ్ట్వేర్’ అవుతుంది. చదివేవారికి రెండూ ఒకే మాట, యంత్రానికి రెండు వేరువేరు మాటలు. యంత్రానికి ముందుగా చెప్పి ఉంచకపోతే ఒకటి టైపు చేసినవారికి రెండోది దొరకదు. అసలు ఫిర్యాదులో ఉన్నది తెలుగు వర్ణక్రమానికి సంబంధించిన ఒక ప్రతిపాదన. అది ఆ రూపంలో ఎవరి ముందుకూ రాలేదు.

తెలుగును రోమన్ లిపిలో రాసేవారి సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఫోనులో అలా రాసే అలవాటు విస్తారంగా ఉన్నది. దీర్ఘాన్ని ఒకరు ఒక్క అక్షరంతో, మరొకరు రెండక్షరాలతో రాస్తారు. లకార ళకారాల భేదం ఎటూ ఉండదు. ఇటువంటి సూచనను యంత్రం ఏ భాషగానూ గుర్తించలేక పక్కన పెడితే, శుద్ధమైన తెలుగు లిపిలో రాయగలిగినవారి అభిప్రాయమే తెలుగువారి అభిప్రాయంగా చెలామణి అవుతుంది. లిపిశుద్ధిని కోరుకొనే పండితులకు ఇది సంతోషం కలిగించవచ్చు. అది న్యాయం మాత్రం కాదు.

అక్షరమంటే ఎంత?

‘స్త్రీ’ అన్నది ఛందస్సులో ఒక్క అక్షరం, ఒక్క గురువు. యూనికోడ్ లెక్కలో అదే ఆరు సంకేతాలు: సకారం, పొల్లు, తకారం, పొల్లు, రేఫ, ఈకారపు గుడి. అంతర్జాలంలో సాధారణంగా వాడే నిల్వ పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి మూడేసి బైట్ల చొప్పున మొత్తం పద్ధెనిమిది బైట్లు. ఇంగ్లీషు అక్షరానికి ఒక్క బైటు చాలు. ఇది కేవలం సాంకేతిక వినోదం కాదని చూపే సంఘటన వికీపీడియా చరిత్రలోనే ఉంది. వ్యాసంలో మార్పు చేసినవారు ఎందుకు చేశారో ఒక చిన్న వ్యాఖ్య రాస్తారు. ఆ వ్యాఖ్యకు చాలాకాలం 255 బైట్ల పరిమితి ఉండేది. ఇంగ్లీషులో రాసేవారికి అది 255 అక్షరాలు, తెలుగులో రాసేవారికి 85 సంకేతాలు. గుణింతాలు, వత్తులు పోగా మిగిలేది ఒక పొట్టి వాక్యం. తన మార్పును సమర్థించుకోవడానికి తెలుగు సంపాదకుడికి దొరికిన స్థలం ఇంగ్లీషు సంపాదకుడికి దొరికిన దానిలో మూడో వంతు. ఇటువంటి లిపుల్లో రాసేవారు దీనిని ఎప్పటినుంచో ఆక్షేపిస్తూ వచ్చారు. 2018లో పరిమితిని బైట్లలో కాక సంకేతాల్లో కొలిచి 500కు పెంచారు. ఇంగ్లీషువారికి కూడా చోటు దాదాపు రెట్టింపైంది.

ఈ ఆక్షేపణను ఓట్లతోనే తూచి ఉంటే ఏమయ్యేది? లాటిన్ లిపిలో రాసేవారికి సమస్యే కనిపించదు. కనిపించని సమస్యకు ఓటు పడదు. పదో ప్రతిలోని ఒంటరి పాఠం వంటిది అది. దాని బలం అది ఎందరి నోట వచ్చిందన్నదానిలో లేదు. కొలమానమే తప్పు అని అది చూపించింది.

పంక్తి వెడల్పు వివాదాన్ని ఈ వెలుగులో మళ్ళీ చూడవచ్చు. చదవడానికి సుఖంగా ఉండాలంటే పంక్తికి 45 నుంచి 75 అక్షరాలు ఉండాలన్నది ముద్రణారంగంలో తరచు చెప్పే సూత్రం. అది లాటిన్ లిపి సూత్రం. తెలుగులో 75 అంటే ఏవి డెబ్బయి అయిదు? ఛందస్సు లెక్కించే అక్షరాలా, యూనికోడ్ లెక్కించే సంకేతాలా? ‘చదవవలసివచ్చినప్పటికీ’ అన్నది ఒక్క మాట. సంధులు, సమాసాలు, ప్రత్యయాలు కలిసి ఇటువంటి మాటలు వరుసగా రెండు పడితే ఇరుకైన విషయసూచికలో పంక్తి ఎక్కడ విరగాలి? పైన గుడి, కింద రెండు వత్తులు పేర్చుకొన్న అక్షరాలకు పంక్తికీ పంక్తికీ నడుమ ఎంత ఎడం కావాలి? కుదించిన పంక్తి తెలుగుకు చెరుపు చేస్తుందని ఇక్కడి వాదం కాదు. మేలే చేయవచ్చు. ఆ ప్రశ్నను తెలుగు పుటను ఎదుట పెట్టుకొని, తెలుగు చదివేవారిని అడగాలి. ఇంగ్లీషు పుట మీద తేల్చి దిగుమతి చేసుకోరాదు.

1914 నాటి ఒక భిన్నాభిప్రాయం

సూచనల సేకరణకు తెలుగు సాహిత్య చరిత్రలో ఒక గొప్ప పూర్వోదాహరణ ఉంది. మద్రాసు విశ్వవిద్యాలయపు తెలుగు వ్యాసరచన ఉపసంఘంలో సభ్యుడిగా ఉన్న గురజాడ అప్పారావు, ఆ సంఘం నివేదికతో విభేదిస్తూ 1914లో ప్రత్యేకంగా భిన్నాభిప్రాయ పత్రం రాశాడు. విద్యార్థులు ఏ తెలుగులో రాయాలన్నది అక్కడి ప్రశ్న. ఒక రకంగా చూస్తే అదీ కోట్లమంది వాడుకరులున్న ఒక వ్యవస్థ రూపకల్పనకు సంబంధించిన ప్రశ్నే. గురజాడ ఓడిపోయాడు. మరుసటి ఏడాదే మరణించాడు. ఉపసంఘం నివేదికను ఇవాళ పరిశోధకులు తప్ప మరొకరు తెరవరు. డిసెంట్ పత్రం మాత్రం పునర్ముద్రణలు పొందుతూ, తరగతుల్లో పాఠ్యంగా, వ్యాసాల్లో ఆధారంగా నిలిచి ఉంది. (వాడుక తెలుగు కోసం చేసిన ఆ వాదమంతా ఇంగ్లీషులో సాగడం ఒక విచిత్రం. ఫాబ్రికేటర్ నాటి కథ కూడా ఇదే.)

ఆ పత్రం నిలవడానికి కారణం ఒక్కటే. ఓడిన అభిప్రాయం తన కారణాలతో, ఉదాహరణలతో, ఎత్తిపొడుపులతో సహా పూర్తి పాఠంగా నమోదైంది. ఉపసంఘ సభ్యులకు అయిదు మెట్ల ప్రశ్నావళి పంచి ఉంటే గురజాడ ఆ పట్టికలో ఒక ‘అసలు ఏకీభవించను’గా మిగిలిపోయేవాడు.

వికీపీడియాలో ప్రతి మాటా చరిత్ర పుటల్లో భద్రంగా ఉంటుంది కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే, ఉంటుంది. భాండాగారంలో తాళపత్రం కూడా భద్రంగానే ఉంటుంది. భద్రపరచడం వేరు, పరిష్కరించడం వేరు. ఏ సూచన వచ్చింది, ఎన్ని రూపాల్లో వచ్చింది, ఎందుకు గ్రహించలేదు అన్నది సూచన చేసినవారి భాషలోనే ఒకచోట కూర్చి చూపితే తప్ప, తరువాతి రూపకర్త మళ్ళీ మొదటి నుంచి అడుగుతాడు. పాఠకుడు మళ్ళీ ‘ఫర్వాలేదు’ అంటాడు.

శాఖలు ఎక్కడ?

ఈ పని ఎవరిది? సాఫ్ట్‌వేర్ వారిదని తెలుగు శాఖలు, భాషావేత్తలదని సాఫ్ట్‌వేర్ వారు భావిస్తూ వచ్చారు. చాలా శాఖల దృష్టిలో వికీపీడియా అంటే పరిశోధక విద్యార్థి ఉటంకించకూడని మూలం; అంతకుమించి దానితో సంబంధం లేదు. గ్రంథ పరిష్కరణ శాస్త్రాన్ని తాళపత్రాలతోపాటు ముగిసిపోయిన విద్యగా బోధించడం, ఆ విద్య కోసం పక్కవీధిలో ఎదురుచూస్తున్న పనిని గుర్తించకపోవడం శాఖల వైఫల్యం. దీనికి పాఠ్యప్రణాళికను నిందించి తప్పుకోవడం కుదరదు.

రూపకర్తల వైపు నుంచి వచ్చే ఆక్షేపణలు రెండు. వేల సూచనలను ఒక్కొక్కటిగా చదవడం సాధ్యం కాదన్నది మొదటిది. పరిష్కర్త కూడా ప్రతి ప్రతినీ ఒకే శ్రద్ధతో చదవడు. ముందు వాటిని కుదుళ్ళుగా విడదీస్తాడు. వాట్సాప్‌లో ఒకరు పంపిన వాక్యాన్నే రెండువందలమంది అతికించి పంపితే అది ఒకే మాతృకకు రెండువందల నకళ్ళు, చదవవలసినది ఒక్కటే. ఎక్కడా పోలిక లేని ఒంటరి సూచన అరపుట ఉన్నా, తీరిగ్గా చదవవలసినది అదే. రెండో ఆక్షేపణ ఇంకొంచెం బరువైనది: జనం ఏ మార్పునైనా మొదట ఎదిరిస్తారు, నెలలు గడిస్తే అలవాటు పడతారు, కాబట్టి తొలి ఫిర్యాదులను పట్టించుకోనక్కరలేదు. అలవాటు బలం కాదనలేనిది. అయితే ‘భాషల జాబితా ఇదివరకు పక్కనే ఉండేది’ అన్న వాక్యానికీ, ‘వత్తులు కింది పంక్తికి తగులుతున్నాయి, చదవలేకపోతున్నాను’ అన్న వాక్యానికీ తేడా ఉంది. మొదటిది జ్ఞాపకం, రెండోది సాక్ష్యం. అంకెల పట్టికలో రెండూ ‘అసంతృప్తి’ కిందికే వస్తాయి. వాక్యాన్ని చదివినవారికి మాత్రమే ఆ తేడా తెలుస్తుంది.

పని ఎలా ఉంటుందో ఒక నమూనా చూపవచ్చు. వెతుకులాటలో ర, ఱ లను ఒకే అక్షరంగా చూడాలన్న సూచన వచ్చిందనుకోవచ్చు. పరిష్కర్త దృష్టితో దాని నమోదు ఇలా ఉంటుంది. వికీపీడియా వ్యాసాల మేరకు సూచన గ్రాహ్యం: నేటి రచనలో ఈ భేదం దాదాపు పోయింది, ‘గుర్రం’ అని వెతికినవారికి ‘గుఱ్ఱం’ అని ఉన్న పుట కూడా దొరకాలి. విక్షనరీ మేరకు పాక్షికంగానే గ్రాహ్యం: ‘ఏఱు’ నది, ‘ఏరు’ నాగలి; రెండింటినీ కలిపి చూపినా టైపు చేసిన రూపమే ముందు రావాలి. భేదాన్ని చెరపడం ప్రాచీన కావ్యాలు చదివే విద్యార్థికి హాని అన్న ఆక్షేపణ కూడా వస్తే, దానిని తోసిపుచ్చకుండా విక్షనరీ నిర్ణయానికి ఆధారంగా కింద చూపాలి. అరసున్నను కూడా ఇలాగే చూడాలా అన్న ప్రశ్న ఈ సూచనలో లేదు. అది వేరే నమోదుగా, తెరిచే ఉంటుంది.